దొరసాని ముక్కలు

మర్రిపాడు మెట్టచేలలో సజ్జకోతలు ముగిసిన పిమ్మట, మోళ్ల నడుమ నేలను పాకే తీగలకు బొటనవేలంత బుడమకాయలు కాస్తాయి. వాటిలో మంచిదీ చేదుదీ పైచూపుకు ఒక్క తీరుగానే ఉంటాయి. నాలుకకు తగిలితే తప్ప గుట్టు బయటపడదు. అందుచేతనే కృపారాణి ఆ మంగళవారం ఉదయం, ఆత్మకూరులో తన తండ్రి ఇంటి అరుగు మీద, కాయలమ్మే మస్తానమ్మ గంప ముందు గొంతుకూర్చుని, ఒక్కొక్క కాయ కొన గిల్లి, నాలుకకు ఆనించి, మంచివాటినే చేటలో వేసుకొంటున్నది.

"ఏంది మే, కాయకాయా నాకి పెడితే మిగిలినవి ఎవురు కొంటారు?" అన్నది మస్తానమ్మ.

"చేదుది ఒక్కటి పడినా జాడీ అంతా చెడిపోతాదక్కా."

"అంత మోజుగా ఎవురికి మే? కొండాపురం నించి మీ ఆయనగానీ దిగబడతన్నాడా?"

"ఆయనొస్తే కాయలు ఏరను. తలుపు గడియ బిగిస్తాను."

"అట్ట జెప్పు!" అని మస్తానమ్మ పగలబడి నవ్వి, కొసరుగా మరి నాలుగు కాయలు చేటలోకి విసిరింది. వాటిని కూడా కృపారాణి నాకి చూచింది.

ఆత్మకూరులో ఆ వీథివారికందరికీ ఆమె కథ తెలుసు. నాలుగేండ్ల క్రిందట, ఆరేండ్ల కూతురు కరుణశ్రీని చంకనెత్తుకొని, పెదవి చిట్లి, మణికట్టు విరిగి, కొండాపురం బస్సు దిగిన నాటి నుండి ఆమె తిరిగి భర్త గడప తొక్కలేదు. అంతకు ముందు రెండు మారులు ఇట్లాగే వచ్చింది. ఆ రెండు మారులూ తండ్రి డేవిడ్‌రాజు ఆమెకొరకు ప్రార్థన చేసి, బుద్ధులు చెప్పి, స్వయంగా బస్సెక్కించి వచ్చాడు. మూడవ మారు తల్లి లిదియమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చొని, "దీన్ని మళ్లీ పంపితే దీంతోపాటు నేనూ పోతాను" అన్నది. పంపలేదు. లిదియమ్మ పోయి ఇప్పటికి రెండేండ్లు. అప్పటి నుండి ఆ ఇంట కృపారాణికి అన్నమున్నది, బట్ట ఉన్నది, పొద్దునా సాయంత్రమూ తన పేరు ఎత్తి దేవునికి మొరపెట్టే తండ్రి ఉన్నాడు. తనదని చెప్పుకొనే గది మాత్రం లేదు.

ఆ గది ఉదయగిరిలో కనిపించింది. అక్కడి క్రైస్తవ సంఘంవారు నడుపుతున్న ఆడపిల్లల హాస్టలుకు మేట్రను కావలసి వచ్చింది. మేట్రనుకు రెండు గదుల ఇల్లు, ఆ ఇంటికి వేరే వాకిలి, కరుణశ్రీకి చదువు. కృపారాణి ఇంటరు ప్యాసయినది. పిల్లలను అదిలించి, ఆదరించి నడపగలదు. దరఖాస్తులో భర్త పేరూ నివాసమూ అడిగిన చోట 'ఆనందకుమార్, కొండాపురం' అని వ్రాసింది. తన నివాసం అడిగిన చోట 'ఆత్మకూరు' అని వ్రాసింది. ఆ రెంటిలో అబద్ధం లేదు. కాని, మేట్రనుగా ఉండే స్త్రీ విధవరాలైనా కావలెను, భర్తతో సమాధానంగా కాపురం చేస్తున్నదైనా కావలెను అని ఆ కమిటీవారి నియమం. సాక్ష్యం, అంటే సంఘంలో మంచి పేరు, లేనిదానికి ఆడపిల్లలను అప్పగించరట.

కమిటీ అధ్యక్షుడు సురేంద్రబాబుకు ఆ దరఖాస్తులో ఒక్క మాటే కంటికి ఆనింది: లిదియమ్మ కూతురు. ఆయన తండ్రి ఒకనాడు ఉదయగిరి మిషను బంగళాలో కాపలావాడు. లిదియమ్మ అదే బంగళాలో వంటమనిషి. దొరసానికి తన దేశపు దోసకాయ దొరకక, పుల్లటి నీళ్లలో ఊరవేసిన ముక్కలకు పిండి పట్టించి వేయించుకు తినాలని ప్రాణం కొట్టుకొంటుంటే, లిదియమ్మ బుడమకాయలతో ఆ ముచ్చట తీర్చింది. వంటింటి వెనుక కిటికీలో నుండి ఆ ముక్కలు సురేంద్రబాబు దోసిట్లోకి కూడా వచ్చి పడేవి.

"దొరసాని ముక్కలు నీకు చాతనవునా అమ్మాయ్?" అని ఉదయగిరిలో ఆమెను పిలిపించి మాట్లాడిన నాడు ఆయన అడిగాడు. "శనివారం ఆత్మకూరులో నాకు పనుండాది. మా ఇంటామెను తీసుకోని మధ్యాహ్నానికి వస్తా. ముక్క కొరికితే పక్కింటికి వినబడాల. ముక్కల్నే కరకరలాడించలేనిదానివి నలభైమంది ఆడపిల్లల్ని ఏం ఆడిస్తావు!"

అందరూ నవ్వారు. నవ్వులోనే సగం పని అయినట్టు కృపారాణికి తోచింది.

ఇంటికి వచ్చి తండ్రి ఎదుట కూర్చొని ఆమె అడిగినది ఒక్కటే. "నాయనా, కొండాపురం సంగతి వాళ్ల దగ్గర ఎత్తొద్దు."

డేవిడ్‌రాజు ముప్పదేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రమించినవాడు, సంఘపెద్ద. ఆయన ప్రార్థన చేస్తే పద్యం నడిచినట్టు ఉంటుందని వింజమూరు వరకూ పేరు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొన్నాడు.

"అడిగితే అబద్ధమాడను. అడక్కపోతే చెప్పను."

"మాటేనా?"

"మాటే తల్లీ."

ఆ మాటను నమ్మి ఆమె జాడీ కడిగింది. కాయలను చక్రాలుగా తరిగి, ఉప్పు చల్లి, నీరూరిన పిమ్మట గట్టిగా పిండి, పుల్ల మజ్జిగలోనూ నిమ్మరసంలోనూ ఆవపొడి కలిపి అందులో మూడు దినాలు ఊరనిచ్చింది. శుక్రవారం నాడు చిక్కని గేదెపెరుగు పలుచని బట్టలో మూటకట్టి, నీరంతా కారిపోయేటట్టు దండెం నుండి వ్రేలాడగట్టింది. శనివారం తెల్లవారగానే ముక్కలను తీసి, నీడపట్టున పాతచీర మీద పరచి, తడి ఆరేవరకూ కాకిని అదిలిస్తూ కూర్చున్నది. ఈ వంటకానికి శత్రువు తడి ఒక్కటే అని తల్లి చెప్పేది. లోపల పులుపు రసం ఊరుతుండవలె. పైన పిండి గాజువలె పెళపెళలాడవలె. ఆ రెంటికీ పొత్తు కుదిరి ఉండేది మూకుడులో నుండి తీసిన తరువాత అయిదు నిముషాలు. అయిదు దాటితే లోపలి రసం పైకి వస్తుంది, గాజు గుడ్డపేలిక అవుతుంది.

మూటలోని పెరుగు వెన్నవలె గట్టిపడింది. దానిలో దంచిన వెల్లుల్లి, మిరియాలు, సన్నగా తరిగిన కొత్తిమీర, రెండు చెంచాల మీగడ వేసి గిలకొట్టి, పింగాణీ గిన్నెలోకి తీసింది. కరుణశ్రీ వ్రేలు ముంచి నాకి, కళ్లు మూసుకొని, "అమ్మా, ఇది చాలు, అన్నం కూడా వద్దు" అన్నది.

"చెయ్యి తియ్యవే. ఇయాళ ఈ గిన్నె మనది గాదు."

పన్నెండున్నరకు సురేంద్రబాబు, ఆయన భార్య ఉషారాణి వచ్చారు. ఉషారాణి ఇల్లంతా ఒక్క చూపులో చుట్టివచ్చి, గోడ మీద లిదియమ్మ పటం చూచి, "మంచి సాక్ష్యం గలిగిన మనిషి" అన్నది. కృపారాణిని పేరుపెట్టి పిలిచింది. కరుణశ్రీ గడ్డం పట్టుకొని, "మా హాస్టలుకొస్తావంటనే, జడలు ఎవురేస్తారు, మీ అమ్మా?" అని హాస్యమాడింది. అన్నం, పప్పు, చారు, కోడికూర చాపల ముందర చేరాయి. కృపారాణి వేసుకొన్న ఎత్తు ఇది: ముందు ప్రార్థన కానివ్వవలె, ఆమేన్ వినబడగానే ముక్కలు నూనెలో వేయవలె, అన్నం కలుపుకొనే లోపల పళ్లెం వారి ముందుండవలె. అందుకని పంపుస్టవ్వు మీద నూనె కాగబెట్టి, పిండి పట్టించిన ముక్కలను సిద్ధంగా పేర్చుకొని, చెవి ముందుగది మీద ఉంచి నిలబడింది.

"అమ్మా కృపా," అని తండ్రి పిలుపు వచ్చింది. "అన్నీ వచ్చినట్టేనా?"

"ముక్కలు ఇప్పుడే వేస్తా నాయనా. మీరు ప్రార్థన కానీండి."

"అదెట్టా కుదురుతాది? ప్రార్థనప్పుడు ముందర లేని వంటకం దీవెన లేని వంటకం. మన ఇంట్లో ఎప్పుడన్నా ఉండిందా ఆ పద్ధతి? తీసుకొనిరా, ఆగుతాం."

"చల్లారితే మెత్తబడతాయి..."

"చల్లారేదాకా చేస్తానా ఏంది? ప్రభువుకు గడియారం చూపిస్తావంటమ్మా?"

సురేంద్రబాబు నవ్వి, "పెద్దాయన మాట కానీలే. దీవెన గూడా తగలాల గదా ముక్కలకి" అన్నాడు.

చేసేది లేక వేయించింది. ఒకమారు లేతగా తీసి, సెగ పెంచి మళ్లీ వేసి, బంగారు వన్నె తిరగగానే జల్లిగరిటెతో ఎత్తి, పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా సర్ది, పరుగున తెచ్చి నడుమ పెట్టింది. వేడికి ముక్కలు సన్నగా చిటచిటమంటున్నాయి. ఆ చప్పుడు విని సురేంద్రబాబు ముఖం పదేండ్ల పిల్లవాని ముఖమయింది. అందరూ కన్నులు మూశారు. కృపారాణి మూయలేదు.

"సర్వలోకాధీశ్వరా, కరుణావరుణాలయా, ఆద్యంతరహితా..." అని డేవిడ్‌రాజు ఎత్తుకొన్నాడు.

అది నిజంగా గొప్ప కంఠం. ఆకాశాన్ని చేసినందుకు స్తుతించాడు. మేఘాలను, ఈ యేటి వానలను, నెల్లూరి సీమకు ప్రాణమైన పెన్నను తలచుకొన్నాడు. బంగళా కాలం నాటి దొరలను, దొరసానులను, నిద్రించిన పరిశుద్ధులను, వారిలో తన సహధర్మచారిణిని స్మరించాడు. ఒక్కొక్క వాక్యం చివర ఉషారాణి "అవును ప్రభువా" అని పలుకుతున్నది. కృపారాణి మాత్రం పళ్లెం వంకే చూస్తున్నది. చిటచిటలు తగ్గి, ఒకటి రెండు ముక్కల్లో మాత్రమే మిగిలి, అవి కూడా సద్దుమణిగాయి. అంచుల దగ్గర పిండి రంగు మారి తేమగిల్లింది. వచ్చిన అతిథుల నామములు, వారి సంతానము, వారి సేవ ప్రార్థనలోకి వచ్చాయి. ఇక ముగిసిందని ఆమె ఊపిరి పీల్చుకొన్నది.

అప్పుడు ఆయన కంఠం వణికింది.

"ప్రభువా, ఈ కుటుంబములో నీవెరిగిన గాయమొకటి ఉన్నది. మగని దెబ్బలకు తాళలేక, మెట్టిన గడపను విడిచి, నాలుగేండ్లుగా నా పంచన తలదాచుకొన్న ఈ అభాగ్యురాలిని, నా కుమార్తె కృపను, నీ సముఖమున నిలుపుచున్నాను. మగడుండియు మగడు లేనిదైన దీనికి ఉదయగిరిలో ఒక నీడ..."

ఉషారాణి 'అవును ప్రభువా' ఆగిపోయింది. కరుణశ్రీ కన్నులు తెరచి, తల్లి వంక చూచి, మళ్లీ గట్టిగా మూసుకొన్నది. డేవిడ్‌రాజు చెంపల మీద కన్నీరు కారుతున్నది. ఆ తరువాత కూడా ఆయన చాలాసేపు ప్రార్థించాడు. ఆమేన్ అన్నప్పుడు ఆయనతో కలిసి పలికినవాడు సురేంద్రబాబు ఒక్కడే.

సురేంద్రబాబు ముక్క తీసి, మీగడపెరుగులో అద్ది, నోట పెట్టుకొన్నాడు. చప్పుడు రాలేదు. నమిలి, మ్రింగి, రెండవది తీయకుండానే చేయి అన్నం మీదికి మరల్చుకొని, "రుచి లిదియమ్మదే. రుచికి వంక లేదు" అన్నాడు.

ఉషారాణి ముక్క జోలికి పోలేదు. "ఏమమ్మా, మీ ఆయన కొండాపురంలో ఉండాడని రాస్తివే?" అన్నది.

"ఉండాడు గదమ్మా. ఎక్కడికి పోతాడు?"

"నువ్వెక్కడుండావనేది గదా మాకు కావాల్సింది."

"ఆత్మకూరులో ఉండానని గూడా రాసినానమ్మా. రెండూ ఒకే కాగితం మీద, కిందా పైనా."

"తెలివిగా రాసినావులే."

"తినేటప్పుడు ఎందుకు ఉషా..." అన్నాడు సురేంద్రబాబు.

"నేనేం తీసుకొచ్చినానండీ? పెద్దాయన ప్రార్థనలో పెట్టినాడు, విన్నాం."

"దేవుని ఎదట దాపరికమేముందమ్మా," అన్నాడు డేవిడ్‌రాజు, మనసులోని బరువు దించుకొన్నవాని తృప్తితో. "కూర వేసుకోండి."

పోయేటప్పుడు ఉషారాణి కరుణశ్రీ గడ్డం పట్టుకోలేదు. "కమిటీలో పెట్టి కబురు చేస్తాం" అని చెప్పి వెళ్లారు.

కృపారాణి పళ్లెం వంటింట్లో పెట్టి వచ్చి, తండ్రి ఎదుట నిలబడింది.

"మాటిచ్చినావు నాయనా."

"తప్పినానా? మనుషులకు చెప్పనన్నాను. వాళ్లు అడిగినారా? నేను చెప్పినానా? నేను మాట్లాడింది ప్రభువుతో."

"ప్రభువుకు చెవుడా? అంత గట్టిగా చెప్పకపోతే వినబడదా?"

"నోరు కడుక్కో! నీ కోసరం ఏడ్చి చేసినానే ఆ ప్రార్థన."

"ఏడ్చినావు. నేను పెదవి చిట్లి బస్సు దిగినప్పుడు ఎందుకు ఏడవలా? రెండుసార్లు ప్రార్థన చేసి రెండుసార్లు వాడి దగ్గరికే పంపినావు. మూడోసారి అమ్మ గుమ్మానికడ్డం పడకపోతే, నీ ప్రార్థనతోనే నన్ను పూడ్చిపెట్టేవాళ్లు."

 డేవిడ్‌రాజు ముసలి ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. ఆయన కపటి కాడు. ఆ కన్నీరు వేషం కాదు. ఆమెకు భరింపశక్యం కానిది అదే. కపటిని అయితే నోరార తిట్టి చేతులు దులుపుకోవచ్చును.

"నిజం దాచి సంపాదించిన ఇంట్లో నీకు నిద్ర పడతాదంటమ్మా?" అని చివరకు ఆయన మెల్లగా అడిగాడు.

"నాలుగేండ్లుగా ఈ ఇంట్లో ఎట్ట పడతాందో అట్టనే పడేది."

పన్నెండు దినాలకు ఉదయగిరి నుండి ఉత్తరం వచ్చింది. మేట్రను పదవికి ఇంతవరకు కొండాపురంలోనే భర్తతో కాపురమున్న ఒక ఉపదేశకుని భార్యను నియమించినట్టు, అయినను హాస్టలులో వంటమనిషి స్థానం ఖాళీగా ఉన్నట్టు, వంటకు సాక్ష్యవిచారణ నియమం లేదు గనుక కృపారాణిని అందులోకి తీసుకొనుటకు కమిటీకి అభ్యంతరం లేనట్టు అందులో ఉన్నది. వంటశాల వెనుక కట్టెల గదిని సగం ఖాళీ చేసి ఇస్తారు. పాపను మిగతా పిల్లలతోపాటు ఉచితంగా ఉంచుకొంటారు. అడుగున సురేంద్రబాబు తన చేతివ్రాతతో, 'మెత్తబడినా చెయ్యి లిదియమ్మదే' అని చేర్చాడు.

డేవిడ్‌రాజు ఉత్తరాన్ని రెండు మారులు చదివి, గుండెకు హత్తుకొన్నాడు.

"చూసినావా తల్లీ! నేనేం అడిగినాను? ఉదయగిరిలో నీడ అడిగినాను. ఇచ్చినాడు గదా! ఎంత కోపంగా మాట్లాడినావు ఆనాడు!"

"నువ్వు అడిగినందుకు కట్టెల గది ఇచ్చినాడు. నువ్వు అడక్కుండా ఉంటే రెండు గదులు ఇచ్చేవాడేమో నాయనా."

"అవిశ్వాసపు మాటలు మాట్లాడొద్దు."

 పోను అని కృపారాణి ఉత్తరం చింపి పొయ్యిలో వేయవచ్చును. ఆ మాట రెండు రాత్రులు ఆలోచించింది కూడా. పోతే తాను వంటమనిషిగా పొగలో నిలబడి, మేట్రను అన్న పిలుపు మరొకతెను వరించి పోవడం చూడవలె. ఉషారాణి వచ్చినప్పుడల్లా గరిటె పట్టుకొని ప్రక్కకు తొలగవలె. ఆ ఇంట నలభైమంది ఆడపిల్లలకు, వారిలో తన కూతురికి, తాను సాక్ష్యం లేనిదని తెలిసి ఉండవలె. అయినా కరుణశ్రీ చదువు అక్కడ ఉన్నది. ఇక్కడ ఉంటే పొద్దునా సాయంత్రమూ తన గాయం ఎత్తి చూపే ఆ గొప్ప కంఠం ఉన్నది. పోవడానికే నిశ్చయించుకొన్నది.

సోమవారం ఉదయం ఎనిమిదింటి బస్సు. రేకుపెట్టె గుమ్మం దగ్గర ఉన్నది. డేవిడ్‌రాజు ఉతికిన పంచె కట్టి, మనుమరాలి తల మీద చేయి ఉంచి నిలబడ్డాడు.

"ప్రార్థన చేసుకోని పోదురు."

"బస్సుకు టైమయింది నాయనా. చిన్నది చెయ్యి."

"చిన్నదే" అని ఆయన కన్నులు మూసి, "సర్వలోకాధీశ్వరా" అని ఎత్తుకొన్నాడు.

కృపారాణి తల వంచుకొని నిలబడింది. కృతజ్ఞతలు వచ్చాయి, ఉదయగిరి కమిటీ వచ్చింది, వారి హృదయాలను మెత్తపరచిన దైవకృప వచ్చింది. "మగడుండియు మగడు లేనిదైన..." అని ఆయన మొదలుపెట్టగానే, ఆమె వంగి రేకుపెట్టె ఎత్తుకొని, రెండవ చేత కూతురి చేయి పట్టి, తాత అరచేయి క్రింద నుండి మెల్లగా తప్పించి, అరుగు దిగింది. డేవిడ్‌రాజు చేయి, ఇంకా అక్కడ ఒక తల ఉన్నట్టే, గాలిలో చాచి ఉన్నది. కంఠం మాత్రం ఆగలేదు.

"అమ్మా, ఆమేన్ అనలా," అన్నది కరుణశ్రీ, వెనుదిరిగి చూస్తూ.

"నడువే."

"తాత కండ్లు తెరిస్తే?"

కృపారాణి పెట్టె పట్టు సవరించుకొన్నది. వీథి మలుపు దగ్గర దర్జీ మిషను చప్పుడులో తండ్రి కంఠం కలిసిపోయి, విడిపడి, మళ్లీ కలిసిపోయింది. ఆ కంఠం ఏ మాట దగ్గర ఆగుతుందో తన చెవిని పడకూడదని ఆమె అడుగుల వేగం పెంచింది. పెట్టె మోకాలికి కొట్టుకొంటున్నా ఆగకుండా, పిల్లను దాదాపు ఈడ్చుకొంటూ, బస్టాండు వైపు పరుగువంటి నడకతో సాగింది.